గొంతు ఎలా ఉంది?

తెల్లమంచు కరిగి గడ్డి ఇంకా తడిగానే ఉంది.
"తడి వాసనని దాచిపెడుతుంది,
ఎండిందంటే నేల అన్నీ మర్చిపోతుంది"
అంటూ వెర్లిన్ మామయ్య పికప్ వెనక పెట్టె తలుపు తీశాడు.
ముందు ముసలి మేబెల్ దిగింది, నొప్పి కాలు చూసుకుంటూ.
తర్వాత ఒకదాని మీద ఒకటి దొర్లాయి
నికెల్, ప్లమ్.
ఏడు నెలల బీగిల్ పిల్లలు,
ఒంటికంటే ముందు చెవులు పెరిగినవి.

వేసవంతా పెరట్లోనే బడి.
కుందేలు తోలు తాడుకి కట్టి నేనే ఈడ్చేదాన్ని
కంచె వెంట, చిక్కుడు పాదుల మధ్య.
మలుపు దగ్గర చటుక్కున ఎత్తి
నాలుగడుగుల అవతల దింపేదాన్ని.
తిండి పెట్టే వేళ మూకుడు మీద గరిటెతో మోత,
రోజూ ఒక అడుగు దగ్గరగా,
తుపాకి చప్పుడు భయం కాదు, భోజనమేనని
వాటి కడుపుకి నచ్చజెప్పడానికి.
జింక వాసన తగిలితే మాత్రం "వద్దు".
ఆ మాట మామయ్య రెండోసారి అనడు.

ఇంకో సంగతి చెప్పాలి.
ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో బండ తొలిచిన మనిషి.
గని మూసేశారు గాని
ఆయన చెవుల్లో యంత్రం ఇంకా ఆగలేదు.
మేబెల్ బొంగురు గొంతు అందుతుంది,
పిల్లల సన్న గొంతులు అందవు.
వినికిడి మిషన్ కొనిస్తే
గ్లవ్ బాక్సులో పాత రసీదుల కింద పడేశాడు.
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కానీ ఈ వేటంతా చెవుల్లోనే ఉంది,
నాకా సంగతి నేర్పింది ఆయనే.
ముళ్ళపొదల్లో కుక్క కనపడదు.
కుందేలు తన గడ్డ వదిలిపోదు,
చుట్టు తిరిగి లేచిన చోటికే వస్తుంది.
ఆ చుట్టుని కుక్క గొంతు గాలిలో గీస్తూ పోతుంది.
మనం నిలబడి వినాలి.
అందుకే, నెల తిరిగినా నోరు విప్పని నికెల్ని చూసి
పక్కింటి డూయీ క్రమ్ అన్నాడు:
"కూయని కుక్కా దొంగా ఒకటే, ఎవరికైనా ఇచ్చెయ్."
మామయ్యకి వినపడలేదు.
లేదా, వినపడలేదన్నాడు.

మేబెల్ కుందేలుని లేపింది.
ప్లమ్ వాసనని వదిలి మేబెల్ తోకని పట్టుకుంది.
స్లేట్‌ఫోర్క్ వాగు దగ్గర జాడ తెగింది.
మేబెల్ ఎడమకి వెతికింది.
ప్లమ్ వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది, మహా ఉత్సాహంగా.
ఆపైన ఏమీ లేదు.
నీళ్ళు, ఒక వడ్రంగిపిట్ట.

అప్పుడు, వాగు అవతల, ఎవరిదో తెలియని గొంతు.

మామయ్య ఇంకా మేబెల్ వైపే చూస్తున్నాడు.
తర్వాత నా మొహం చూశాడు.
"ఎవరు?"
"నికెల్."
"గొంతు ఎలా ఉంది?"

ఏం చెప్పను?
నూనె లేని తలుపు బందులా ఉందన్నాను.
కాదు, చర్చిలో పాట మధ్యలో గొంతు పగిలిన కుర్రాడు
సిగ్గుపడి ఆగి, మళ్ళీ అందుకున్నట్టు ఉందన్నాను.
"ఎక్కడ?"
చెయ్యెత్తాను.
గొంతు కదిలిన కొద్దీ చెయ్యి కదిపాను,
వాగు మీదుగా, పడిపోయిన ఓక్ మాను దాటి,
గుట్ట చుట్టి, ఇటు.
నా వేలి చివర్నే ఆయన చూపు తిరిగింది.

పది అడుగుల్లో కుందేలు వచ్చి కూర్చుంది.
సీజన్‌కి ఇంకా మూడు వారాలుంది, తుపాకులు ఇంట్లో ఉన్నాయి.
అది మమ్మల్ని లెక్కపెట్టి వెళ్ళిపోయింది.

నికెల్ వచ్చాడు, ముక్కు నేలలో,
చెవి అంచున ముల్లు గీసిన నెత్తురు.
మామయ్య బూటు మీద నుంచే పోబోతుంటే
ఆయన వంగి పట్టుకుని, అరచెయ్యి వాడి మెడ కింద పెట్టాడు.
వాడు కూస్తూనే ఉన్నాడు.
చాలాసేపు పెట్టే ఉంచాడు.
"తలుపు బందంటావా," అన్నాడు నాతో కోపంగా,
"వాళ్ళమ్మ మేబెల్ తొలి ఏడు గొంతిది."
వదిలేశాడు.

తిరుగుదారిలో గ్లవ్ బాక్సు తెరిచి చాలాసేపు కెలికాడు.
మిషన్ దొరికింది. బ్యాటరీ చచ్చింది.
తిట్టుకుంటూ చొక్కా జేబులో వేసుకున్నాడు.
కొండ దిగుతుంటే వెనక పెట్టెలో నికెల్
నిద్రలో మరోసారి కూశాడు.
స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి
వెనక్కి చూపించాను.